వెనక్కి తన్నే మాట

ఆ లాండ్రీలో నోటిమాటకి విలువ లేదు. ఊళ్ళో ఉన్న హోటళ్ళ దుప్పట్లన్నీ, ఆస్పత్రుల దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. కింది అంతస్తులో ఉతుకుతారు, పై అంతస్తులో ఇస్త్రీ చేస్తారు. పైన ఉన్న రోలరు మిషను ఆ గదికంటే కాస్త చిన్నది, అంతే. దాని రొద ముందు మనిషి గొంతెంత? చెవిలో నోరు పెట్టి అరిచినా 'ఆఁ?' అనే జవాబు వస్తుంది. అందుకని అక్కడి ఆడవాళ్ళు మడమలతో మాట్లాడుకుంటారు. నేల చెక్కది. మిషనుకి ఇటుపక్క ఇద్దరు తడి దుప్పటి అంచు పట్టుకుని రోలరుకి అందిస్తారు, అటుపక్క ఇద్దరు వేడివేడిగా వచ్చిన దుప్పటిని అందుకుని మడతపెడతారు. అందించేవాళ్ళు మడమతో నేలని రెండుసార్లు తంతే 'వస్తోంది, పట్టుకో' అని. ఒక్కసారి గట్టిగా తంతే 'ఆపు' అని. చెవికి వినబడక్కర్లేదు, అరికాలికి తెలుస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకి దుప్పటి మడత కంటే ముందు ఇదే నేర్పుతారు.

ఆపే స్విచ్చి మాత్రం వాళ్ళ దగ్గర ఉండదు. పూర్వం ఉండేది. మాటిమాటికీ ఆపేస్తున్నారని మేనేజరు దాన్ని పీకించి తన బల్ల పక్కన గోడకి పెట్టించుకున్నాడు. ఆయన్ని వెనకాల అందరూ గంజిసారు అంటారు. చొక్కాకి ఎంత గంజో మెడకీ అంతే. మనిషి పక్కకి చూడాలంటే భుజాలతో సహా తిరగాల్సిందే.

అటుపక్క దుప్పట్లు అందుకునే ఇద్దరిలో ఒకామె పేరు సరేనమ్మ. అసలు పేరేదో ఉండే ఉంటుంది గానీ జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ దానితో పని పడలేదు. ఎవరేం చెప్పినా సరే అనడం ఆమెకి పుట్టుకతో వచ్చింది. ఇవాళ నా వంతు కూడా నువ్వే చేసెయ్ అంటే సరే. కిటికీ పక్క చోటు నాకిచ్చెయ్ అంటే సరే. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? అందరూ నవ్వుతూనే మొత్తేవాళ్ళు, ఆమె నవ్వుతూనే మొత్తించుకునేది.

ఆమెకి ఎదురుగా, రోలరుకి అవతల నిలబడి దుప్పటి అందించేది పొడుగు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత ఎత్తు మనిషి కాబట్టి ఆ పేరు. ఏళ్ళ తరబడి ఒకే దుప్పటికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడ్డారు గానీ వాళ్ళిద్దరి మధ్యా పట్టుమని పది మాటలు నడిచాయో లేదో. స్నేహమంతా మడమలే నడిపించాయి.

ఒక మంగళవారం పొడుగు అందిస్తున్న దుప్పటి అంచు ఆమె వేళ్ళకి చుట్టుకుంది. దుప్పటితో పాటు చెయ్యి కూడా రోలరు కిందికి పోతోంది. పొడుగు నేలని ఒక్క తన్ను తన్నింది. అంత గట్టి తన్ను ఆ నేల ఎన్నడూ తినలేదు. సరేనమ్మకి మోకాళ్ళ దాకా జివ్వుమంది. గదిలో ఉన్న ప్రతి ఆడమనిషీ గిరుక్కున తిరిగి గంజిసారు వైపు చూసింది. ఆయన ఫోనులో ఉన్నాడు. ఒక చెవికి ఫోను, రెండో చెవిలో వేలు. పొడుగు మళ్ళీ తన్నింది. ఆయన చెవిలో వేలు తీసి, ఆ వేలే పైకెత్తి, కాస్త ఆగమన్నట్టు సైగ చేసి, ఫోనులో చెప్పదలుచుకున్నది చెప్పడం పూర్తిచేసి, అప్పుడు స్విచ్చి నొక్కాడు.

చెయ్యి దక్కింది. మూడు వేళ్ళు మాత్రం లోపలికి ముడుచుకుపోయాయి, ఇక చాచడం కుదరదన్నారు డాక్టర్లు. లాండ్రీ యజమాని శుక్రవారం తానే స్వయంగా వచ్చి విచారిస్తానని కబురు పంపాడు.

బుధవారం గంజిసారు సరేనమ్మని తన బల్ల దగ్గరికి పిలిచి కుర్చీ చూపించాడు. ఆ కుర్చీలో అంతవరకూ పనివాళ్ళెవరూ కూర్చోలేదు. ఆమెకి అక్కడే భయం పట్టుకుంది. విషయం చాలా చిన్నదన్నాడు ఆయన. పొడుగు అసలు నేలని తన్ననే లేదనీ, ఏదో పరధ్యానంలో చెయ్యి పోనిచ్చుకుందనీ యజమానికి చెబితే చాలన్నాడు. ఎదురుగా నిలబడే మనిషివి, నీ మాట నమ్ముతారన్నాడు. తప్పు పొడుగుదని తేలితే ఆమె ఉద్యోగం ఊడుతుంది, ఆ చెయ్యి వేసుకుని ఇంకెక్కడా పని దొరకదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఆమెకి తెలియనిదీ కాదు. చెప్పకపోతే ఊడేది నీ ఉద్యోగం అన్న ముక్క మాత్రం చాలా మెత్తగా, తల్లి బిడ్డకి చెప్పినట్టు చెప్పాడు. చెప్పి, సరే కోసం ఎదురుచూశాడు.

సరేనమ్మ నోట్లోంచి ఆ మాట రాలేదు. కాదు అని కూడా రాలేదు. ఏమీ రాలేదు. అరికాళ్ళలో నిన్నటి జివ్వుమనడం ఇంకా పోలేదు. గంజిసారు కాసేపు చూసి చూసి, ఆమె ముందే యజమానికి ఫోను చేశాడు. ఈవిడకేం అర్థమవుతుందిలే అని ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడాడు. ఆయనకి ఇంగ్లీషులో పెద్దపెద్ద మాటలు వాడటం సరదా. ఆ ధోరణిలో ఒక మాట తక్కిన వాటికంటే బరువుగా దొర్లింది. రికాల్సిట్రేట్. గడ్డంతో ఆమెని చూపిస్తూ ఇంకోసారి అన్నాడు. తననే అంటున్నాడని ఆమెకి తెలిసిపోయింది.

అరువు తెచ్చిన గిన్నెలో పాలు తొణక్కుండా తెచ్చినట్టు ఆ మాటని బస్సులో ఇంటిదాకా పెదాల మీదే మోసుకొచ్చింది సరేనమ్మ.

ఇంట్లో అత్తగారు ఉంది. ప్రెస్సులో నిఘంటువుల ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరైన మనిషి. ఆవిడతో చుట్టుపక్కల అందరికీ తెలిసిన ఇబ్బంది ఒకటుంది. ఏ మాటకైనా అర్థం చెప్పి ఊరుకుంటే ఏమీ కాదు. దాని పుట్టుక దాకా వెళ్ళిందా, ఆ మాట దేన్లోంచి పుట్టిందో ఆ శాల్తీ ఇంట్లోకి వచ్చేస్తుంది. కింది వాటా అమ్మాయికి పాఠం చెబుతూ, మజిల్ అన్నది చిట్టెలుక అనే పాత మాటలోంచి పుట్టింది, కండ ఆడితే చర్మం కింద ఎలుక తిరిగినట్టుంటుంది కదా అనేసరికి, అమ్మాయి గౌను చేతిలోంచి చిట్టెలుక దూకి బియ్యం డబ్బా వెనక్కి పోయింది. వంశక్రమాన్ని చెప్పే పెడిగ్రీ అన్న మాట కొంగ కాలిలోంచి వచ్చిందని చెప్పిన రోజున మెట్ల మీద కొంగ నిలబడింది. వాటాలవాళ్ళెవరూ వీటిని వింతగా చూడరు, చూస్తే విసుగ్గా చూస్తారు. మెట్లమీద రెట్టలు ఎవరు కడుగుతారని ఇంటిగలాయన గొడవపెట్టి, గేటుకి ఒక బోర్డు కూడా తగిలించాడు: జంతువులున్న మాటలు ఆదివారం మాత్రమే.

వచ్చినవి పోవడానికి ఒక పద్ధతి ఉంది. నామవాచకాలైతే సులువు. సరైన వాక్యంలో పెట్టి ఒకసారి పలికితే మర్యాదగా వెళ్ళిపోతాయి. క్రియలతోనే వస్తుంది చావు. పలికితే పోవు, చెయ్యాలి. తప్పించుకోవడాన్ని ఎస్కేప్ అంటారు కదా, పట్టుకున్నవాడి చేతిలో పైఅంగీ వదిలేసి పారిపోవడంలోంచి పుట్టిందట ఆ మాట. ఆ పాత అంగీ వచ్చి తలుపు వెనక వంకెకి వేలాడుతూనే ఉండిపోయింది. చివరికి సరేనమ్మ మొగుడు ఇన్సూరెన్సు ఏజెంటుని చూసి వంటింటి తలుపులోంచి జారుకున్న రోజున మాయమైంది.

అత్తగారు తరుగుతున్న ఉల్లిపాయలు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లావుపాటి నిఘంటువూ భూతద్దమూ తెచ్చుకుంది. వెతికి, పెదవి విరిచి, మళ్ళీ వెతికి పట్టుకుంది.

"మొండికెయ్యడం. చెప్పిన పని చెయ్యనని ఎదురు తిరగడం," అంది. "జనం ఎక్కువగా వాడరు దీన్ని. ఎవర్నే అన్నారు?"

"నన్నే అత్తయ్యా. మా గంజిసారు."

అత్తగారు భూతద్దం దించి కోడలి వైపు చూసింది. నిన్నా అని అడిగింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాకు ఎదురు చెప్పి ఉంటే నేనెంత సంతోషించేదాన్ని, అదేదో ఆ గంజిమొహంవాడి దగ్గర చేశావా అంది. సరేనమ్మ జరిగిందంతా చెప్పింది. చెబుతూ చెబుతూ పొడుగు తన్నిన తన్ను దగ్గరికొచ్చేసరికి ఆమెకి దుఃఖం ఆగలేదు. అత్తగారు ఆమె కళ్ళు తుడవలేదు. భూతద్దం మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

అర్థం తెలిసింది కదా, అక్కడితో ఆపెయ్యొచ్చు. ఆదివారం కూడా కాదు, ఆపెయ్యమనే అంది సరేనమ్మ. అత్తగారు వింటేగా. ఇంత మంచి మాట నిన్ను అని పోయాడు, దీని అమ్మానాన్నలెవరో చూడొద్దూ అంటూ వేలు కిందికి జరిపింది. రి అంటే వెనక్కి. కాల్క్స్ అంటే లాటిన్లో మడమ. మడమతో వెనక్కి తన్నడం. ఇక మొయ్యను, ఇక అడుగెయ్యను అని కంచరగాడిద తన్నే తన్ను. కాల్క్స్ అంటే మన కాలేనా అని సరేనమ్మ ఆశగా అడిగింది. కాదు, ఊరికే పోలిక, చుట్టరికం లేదు అని అత్తగారు కొట్టిపారేసింది. లేని చుట్టరికాలు కలపడం ఆవిడకి గిట్టదు.

"ఒట్టి మడమ ఒక్కటే వస్తే దాన్నేం చేసుకుంటాం అత్తయ్యా?"

మడమ ఒక్కటే రాలేదు. మెట్ల మీద డెక్కల చప్పుడైంది. బూడిదరంగు కంచరగాడిద ఒకటి, చిరిగిన చెవితో, ఎవర్నీ ఖాతరు చెయ్యని మొహంతో లోపలికొచ్చి, సోఫాకీ టీవీకీ మధ్య నిలబడింది.

సరేనమ్మ మొగుడు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, గాడిద తోక పక్కనుంచి ఒద్దికగా జరిగి, ఇవాళ ఏం మాట అని అడిగాడు. సంగతి విన్నాక మాత్రం మొహం ముడుచుకున్నాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని, నీకెందుకొచ్చిన గొడవ అన్నాడు. పొడుగు వేళ్ళు ఎలాగూ తిరిగి రావు, నీ ఉద్యోగం కూడా పోతే ఎవరికి ఒరిగేదేమిటి అన్నాడు. చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. జాగ్రత్తపరుల మాటలు ఎప్పుడూ నిజంలాగే వినిపిస్తాయి. సరేనమ్మకి కూడా అలాగే వినిపించాయి. ఆమెకి ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క, అబద్ధం చెప్పాక రేపటి నుంచి ఆ నేల మీద ఏ మొహంతో నిలబడాలన్న భయం ఒక పక్క.

"దీన్ని ఎలాగైనా పంపించెయ్యండి అత్తయ్యా," అంది. "నేనేం మొండికెయ్యలేదు. నోరు రాలేదంతే. ఇది నా మాట కాదు, నన్నన్న మాట."

"అన్నవాడు అనేసి అక్కడే వదిలేశాడు. ఇంటిదాకా మోసుకొచ్చింది నువ్వు," అంది అత్తగారు. "క్రియ కదే ఇది. చేస్తే పోతుంది. చెయ్యకపోతే ఇక్కడే ఉంటుంది. నాకేం, ఉండనీ. గడ్డి మీ ఆయన తెస్తాడు."

మర్నాడు పని అయ్యాక సరేనమ్మ పొడుగుని చూడ్డానికి వెళ్ళింది. లాండ్రీ గేటు బయట కాచుకుని ఉన్న గాడిద పిలవకుండానే వెనకాలే వచ్చింది. దాన్ని బస్సులోకి ఎక్కనివ్వలేదు కాబట్టి ఇద్దరూ నడిచే వెళ్ళారు. పొడుగు మంచం మీద కూర్చుని ఎడమచేత్తో జడ వేసుకోవాలని తంటాలు పడుతోంది. సరేనమ్మ ఆమె వెనక కూర్చుని జడ అల్లడం మొదలుపెట్టింది. గాడిద గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి చూస్తోంది. రొద లేని చోట ఎలా మాట్లాడుకోవాలో ఇద్దరికీ చప్పున తోచలేదు.

చివరికి పొడుగే అడిగింది. "నేను తన్నింది నీకు తెలిసిందా లేదా? అదొక్కటి చెప్పు."

"తెలిసింది. రెండుసార్లూ తెలిసింది."

"చాలు. నేను తన్నానో, తన్నాననుకున్నానో అని నాకే అనుమానం పట్టుకుంది ఈ రెండ్రోజులూ." పొడుగు దెబ్బ తగిలిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. "గంజిసారు నిన్నేం చెప్పమన్నాడో నాకూ తెలిసింది. రేపు నువ్వు సరే అంటావని అందరికీ తెలుసు. అనుకో. నీ మీద నాకేం కోపం లేదు."

కోప్పడి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. కోపం లేదు అన్న ఆ మాట సరేనమ్మకి చెంపదెబ్బలా తగిలింది. తనని ఇంత బాగా ఎరిగిన మనిషి, తన నుంచి ఇంతకంటే ఏమీ ఆశించలేదన్నమాట. జడ అల్లడం పూర్తిచేసి, చివర ముడి వేసి, ఆమె లేచి వచ్చేసింది. దారంతా సిగ్గుతో ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంటి మెట్లెక్కేసరికి ఆ మంట సిగ్గులోంచి ఒట్టి కోపంలోకి తిరిగింది.

శుక్రవారం గాడిద లాండ్రీ గేటు లోపలికి కూడా వచ్చింది. వాచ్‌మన్ దాన్ని గుర్తింపు కార్డు అడిగాడు. అది చూసిన చూపుకి, పోనీ సాయంత్రం చూపించమన్నాడు. అది సరేనమ్మ వెనకాలే మెట్లెక్కి పై అంతస్తుకి వచ్చింది.

మిషను ఆపి ఆడవాళ్ళందర్నీ గోడ పక్కన వరసగా నిలబెట్టారు. కింది అంతస్తు వాళ్ళని కూడా పిలిపించారు. యజమాని తొందరలో ఉన్నాడు, ఇంకెక్కడో ఆయన కోసం ఎవరో కాచుకుని ఉన్నారట. గంజిసారు సరేనమ్మని ముందుకి రమ్మని, ఈమె ఎదురుగా నిలబడే మనిషి, అబద్ధం ఎరగదు, అడగండి సార్ అన్నాడు. యజమాని అడిగాడు. పొడుగు నేలని తన్నిందా, లేదా?

"తన్నింది," అంది సరేనమ్మ. "ఆపమని రెండుసార్లు తన్నింది. నాకు తెలిసింది, ఇక్కడ అందరికీ తెలిసింది. మేనేజరుగారికీ తెలిసింది. ఫోను మాట్లాడటం అయ్యేదాకా ఆయన స్విచ్చి నొక్కలేదు. ఆ స్విచ్చి మా దగ్గరుంటే పొడుగు వేళ్ళు ఉండేవి."

యజమాని వరసలో ఉన్నవాళ్ళని చూసి, ఇంకెవరికైనా తెలిసిందా అన్నాడు. ఎవరూ తలెత్తలేదు. అందరూ ఎవరి కాలివేళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. చూశారా సార్, నేను చెప్పలేదూ అన్నాడు గంజిసారు. చీర మీద వేసుకున్న లాండ్రీ కోటు విప్పి ఇచ్చేసి బయటికి నడవమన్నాడు ఆమెని. సరేనమ్మ చెయ్యి కోటు గుండీ మీదికి వెళ్ళింది కూడా. అక్కడే ఆగిపోయింది.

"విప్పను," అంది. "నేనేం తప్పు చేశానని పోవాలి? పోను."

అత్తగారి లెక్క ప్రకారం గాడిద ఆ క్షణాన మాయమవ్వాలి. సరేనమ్మ వెనక్కి తిరిగి చూసింది. అది మాయమవ్వలేదు. తీరిగ్గా నడిచి వెళ్ళి, గదికి ఉన్న ఒక్క గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ఈ క్రియ ఒక్కరు చేస్తే పూర్తికాదు కాబోలు.

యజమాని గడియారం చూసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు, దాటడానికి చోటు లేక నిలబడిపోయాడు. గంజిసారు పరుగున వచ్చి, లే లే అంటూ బూటుతో గాడిదని అదిలించాడు. అది పడుకున్న చోటే వెనక కాలు ఒకటి విదిల్చింది. చూస్తే ఆయన తడి దుప్పట్ల గుట్టలో కూర్చుని ఉన్నాడు. తడిసిన గంజి ఎలా ఉంటుందో లాండ్రీవాళ్ళకి వేరే చెప్పాలా? ఎవరూ నవ్వలేదు, ఆ మాత్రం మర్యాద పాటించారు.

ఇక చేసేదేమీ లేక యజమాని దుప్పట్ల బండి మీద కూలబడ్డాడు. ఎదురుగా ఆ ఆడవాళ్ళు తప్ప చూడ్డానికి ఇంకేమీ లేదు. ఈసారి ఒక్కొక్కర్నీ చూస్తూ, ఒక్కొక్కర్నే అడిగాడు, అడిగి జవాబు కోసం ఆగాడు. అందరికంటే ముసలామె, మడతల బల్ల దగ్గర పనిచేసే మనిషి, సరేనమ్మ గుండీ మీద ఉండిపోయిన చేతినే చూస్తూ, "తన్నింది. నాకు తెలిసింది," అంది. ఆమె పక్కావిడ తెలిసిందంది. ఆ పక్కావిడా అంది. కింద ఉతికే పనిలో ఉన్నామె ముందుకొచ్చి, "మాకు కప్పులోంచి తెలిసింది సార్, నెత్తిన సున్నం రాలింది," అంది. జవాబులు వరస చివరిదాకా వెళ్ళాక గాడిద లేచి, ఒళ్ళు దులుపుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అన్నీ చక్కబడలేదు. గంజిసారు ఉద్యోగం గంజిసారుకే ఉంది, యజమానికి ఆయన బావమరిది మరి. పొడుగు వేళ్ళు విచ్చుకోలేదు. కానీ ఆమెని ఎవరూ తీసెయ్యలేదు. దుప్పటి అందించడం ఇక కుదరదు కాబట్టి ఆమెకి వేరే పని అప్పజెప్పారు. గోడకున్న స్విచ్చిని ఊడదీసి రోలరు పక్కకి, ఆడవాళ్ళ వైపుకి మార్చి, దాని దగ్గర ఆమెని నిలబెట్టారు.

పొడుగు పనిలోకి వచ్చిన మొదటి ఉదయం మిషను మామూలుగానే తిరుగుతోంది. దుప్పట్లు మామూలుగానే వస్తున్నాయి. ఎవరి చెయ్యీ ఎక్కడా చిక్కుకోలేదు. పొడుగు ముడుచుకున్న వేళ్ళతోనే స్విచ్చి నొక్కింది. మిషను ఆగింది. పని మధ్యలో అంత నిశ్శబ్దం ఆ గదిలో ఎవరూ ఎరగరు. కిటికీ బయట పిట్టల చప్పుడు కూడా వినబడింది. గంజిసారు బల్ల దగ్గర్నుంచి లేచి, ఎందుకాపావని అడిగాడు. రొద లేనప్పుడు ఆయన గొంతు ఇంత సన్నగా ఉంటుందని అప్పుడే తెలిసింది వాళ్ళకి.

"ఆగుతుందో లేదో చూశాను సార్," అంది పొడుగు.

"ఆగింది కదా. మొదలుపెట్టు మరి."

పొడుగు స్విచ్చి ముట్టుకోలేదు. రోలరు అవతల మడతపెట్టిన దుప్పటిని గుండెలకి ఆనించుకుని నిలబడ్డ సరేనమ్మ వైపు చూసింది.

"ఇంకా చూస్తున్నాం సార్," అంది సరేనమ్మ.